ముందు బస్సుకు దారి: కార్తీకంలో డెల్టా బస్సుల మీద

గోదావరి డెల్టాలో రోడ్డు వెడల్పు చేయమని అడగడం సులువు, చేయడం కష్టం. ఒక పక్క కాలువ, ఇంకో పక్క ఇళ్లు, కొట్లు, గుడి, బడి. మధ్యలో ఎప్పుడో కాలువ గట్టుగా పోసిన మట్టి, దాని మీద తారు. ఆ రోడ్డును అటు నీళ్లలోకి జరపలేము, ఇటు ఇళ్లలోకి జరపలేము. కాబట్టి ఉన్న రోడ్డును ఎవరికి ముందు ఇవ్వాలన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. ఆ మొదటి వంతు బస్సుకు రావాలని నేను చాలా కాలంగా నమ్ముతున్నాను. కార్తీక మాసంలో, ఒకపక్క కోతలు, ఒకపక్క పంచారామ యాత్రలు జరుగుతుండగా, రాజమహేంద్రవరం నుంచి కాకినాడ, అమలాపురం, నరసాపురం మీదుగా భీమవరం దాకా బస్సుల్లోనే తిరిగి, బస్సు ఎక్కడ ఆగిపోతోందో, ఎందుకు ఆగిపోతోందో చూసి ఏ రోజుకారోజు రాసుకున్నాను.

మంగళవారం, రాజమహేంద్రవరం

బడులు, కాలేజీలు, ఆఫీసులు అన్నీ మొదలయ్యే వేళ చూడాలని ఉదయం ఎనిమిదిన్నరకే కోటిపల్లి బస్టాండుకు చేరుకున్నాను. రైలు దిగి వచ్చినవారు, కోనసీమ వైపు వెళ్లేవారు, గోదావరి స్నానం ముగించుకుని తడి బట్టల సంచులతో నిలబడినవారు అందరూ అక్కడ కలుస్తారు. ఆర్టీసీ కాంప్లెక్సు వైపు వెళ్లే పల్లెవెలుగు ఎక్కాను. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలైనప్పటి నుంచి మహిళలకు పల్లెవెలుగులోనూ, ఎక్స్‌ప్రెస్‌లోనూ ప్రయాణం ఉచితం కావడంతో, బస్సులో సగానికి మించి ఆడవాళ్లే ఉన్నారు. ఆస్పత్రికి వెళ్లే గర్భిణి, బట్టల కొట్టులో పనిచేసే అమ్మాయిలు, డిగ్రీ పిల్లలు, కూరల బుట్టలతో వచ్చిన పెద్దవాళ్లు. రోడ్డు మీద ఎవరికి ముందు దారి ఇవ్వాలని మాట్లాడేటప్పుడు, బస్సు అద్దాల వెనుక ఉన్న ఈ మనుషులు లెక్కలోకి రావడం లేదని నాకు అనిపిస్తుంది. బయటినుంచి చూసేవారికి అది అడ్డంగా నిలబడిన ఒక పెద్ద బండి మాత్రమే.

చూడవలసినది మొదటి స్టాపులోనే కనిపించింది. బస్సు ఆగడానికి రోడ్డు అంచున గీసిన చోటులో మూడు ఆటోలు, కూల్‌డ్రింకుల పెట్టెలు దించుతున్న ఒక వ్యాను, వరుసగా మోటారు సైకిళ్లు ఉన్నాయి. డ్రైవరు చేసేది లేక రోడ్డు మధ్యలోనే ఆపారు. పూల మూట తలమీద పెట్టుకున్న ఒక పెద్దామె రెండు ఆటోల మధ్య నుంచి రాబోతే మూట ఇరుక్కుంది. కండక్టరు దిగి, "మామ్మగారూ, ఆగండాగండి, మూట నాకివ్వండి" అని అందుకుని లోపల పెట్టి, ఆవిడ చెయ్యి పట్టుకుని ఎక్కించారు. ఈలోపు వెనుక హారన్లు మోగుతూనే ఉన్నాయి. ఆమె ఎక్కాక కూడా బస్సు కదలలేదు. ఎడమ పక్క నుంచి, కుడి పక్క నుంచి బండ్లు దూరిపోతూనే ఉన్నాయి, ఎవరూ ఒక్క క్షణం ఆగలేదు. బస్సు కదిలే సరికి ముందున్న కూడలిలో పచ్చ దీపం వెలిగి ఆరిపోయింది. ఒక్క స్టాపులో, ఒక్క పూల మూట ఎక్కడానికి, యాభై అరవై మంది రెండు మూడు నిమిషాలు పోగొట్టుకున్నారు. ఇలాంటి స్టాపులు ఊరు దాటేలోపు ఎన్ని ఉంటాయో రోజూ ప్రయాణించేవారికి తెలుసు.

ఆ రెండు మూడు నిమిషాలను చిన్నవిగా చూడకూడదు. ఒక రూటులో బస్సు వెళ్లి రావడానికి గంట పడుతుందనుకుందాం. ఆరు బస్సులు వేస్తే పది నిమిషాలకొకటి వస్తుంది. స్టాపుల దగ్గర, కూడళ్ల దగ్గర ఆలస్యం పేరుకుని ఆ గంట కాస్తా గంటన్నర అయితే, అవే ఆరు బస్సులు పావుగంటకొకటి చొప్పున మాత్రమే రాగలవు. మళ్లీ పది నిమిషాలకొకటి రావాలంటే తొమ్మిది బస్సులు కావాలి. అంటే మూడు కొత్త బస్సులు, వాటికి డ్రైవర్లు, కండక్టర్లు, డీజిలు. ఇంత ఖర్చు పెట్టినా ప్రయాణికుడికి పాత సౌకర్యమే మిగులుతుంది, ప్రయాణం మాత్రం నెమ్మదిగానే ఉంటుంది. దారి దొరికితే ఆ మూడు బస్సులు బస్సే లేని ఊళ్లకు వెళ్లగలవు. రద్దీని తట్టుకోవడానికి బస్సులు పెంచాలని అందరూ అంటారు, నేనూ అంటాను. కానీ ఉన్న బస్సుల కాలాన్ని కాపాడడం అన్నిటికంటే చవకగా బస్సులు పెంచే పద్ధతి.

కేంద్ర ప్రభుత్వం 2006లో ప్రకటించిన జాతీయ పట్టణ రవాణా విధానంలోనే, రోడ్డు స్థలాన్ని వాహనాలను బట్టి కాక మనుషులను బట్టి పంచాలని స్పష్టంగా ఉంది. అమెరికా నగరాల రవాణా అధికారుల సంఘం నాక్టో లెక్క ప్రకారం, కార్లు నడిచే ఒక వరుసలో గంటకు 600 నుంచి 1,600 మంది వెళ్లగలిగితే, బస్సులకే కేటాయించిన అదే వెడల్పు వరుసలో 4,000 నుంచి 8,000 మంది వెళ్లగలరు. మన ఊళ్లలో కార్ల కంటే మోటారు సైకిళ్లు ఎక్కువ కాబట్టి అంకెలు కొంత మారవచ్చు. కానీ నలుగురేసి కూర్చున్న రెండు కార్లు పట్టే చోటులో ఒక బస్సు యాభై మందిని మోస్తుందన్న సత్యం ఏ ఊళ్లోనైనా మారదు.

మధ్యాహ్నం పుష్కర ఘాట్ వైపు నడిచాను. 2027లో మళ్లీ గోదావరి పుష్కరాలు. 2015 జులై 14న మొదటి రోజునే ఇక్కడ జరిగిన తొక్కిసలాటలో పోయిన ప్రాణాలను ఈ ఊరు మరువలేదు. లక్షలమంది ఒకే ఘాట్‌కు చేరే రోజుల్లో ఎవరి కారులో వారు రావడం అసాధ్యమని అందరూ ఒప్పుకుంటారు. బండ్లను ఊరి బయట నిలిపి, లోపలికి బస్సులు నడపడం తప్ప వేరే దారి ఉండదు. పుష్కరాల పన్నెండు రోజులకు ఒప్పుకున్న న్యాయం మామూలు రోజుల ఉదయం రెండు గంటలకు ఎందుకు వర్తించకూడదు? ఇప్పుడు పుష్కరాల పేరుతో వేసే రోడ్లలో, కట్టే స్టాపుల్లో బస్సుకు చోటు గీస్తే, అది యాత్రికులు వెళ్లిపోయాక ఊరికి మిగిలే ఆస్తి అవుతుంది.

సాయంత్రం రోడ్డు కం రైలు వంతెన దాకా వెళ్లి వచ్చాను. 1974 నుంచి కింద రైళ్లు, పైన బండ్లు. ఆ వంతెన మీద రోడ్డును పక్కకు ఒక్క అడుగు కూడా పెంచలేము. డెల్టా రోడ్ల పరిమితి అంతా అక్కడ నిలబడి చూస్తే అర్థమవుతుంది.

బుధవారం, కాలువ రోడ్డు మీదుగా కాకినాడ

జాతీయ రహదారి మీదుగా వెళ్లే నాన్‌స్టాపును వదిలి, కడియం, ద్వారపూడి, అనపర్తి, బిక్కవోలు, సామర్లకోట మీదుగా వెళ్లే కాలువ రోడ్డు బస్సు ఎక్కాను. సర్ ఆర్థర్ కాటన్ 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట మొదలుపెట్టి 1852కు పూర్తి చేయించినప్పుడు, తవ్వించిన ప్రధాన కాలువలు పొలానికి నీరు పెట్టడానికి మాత్రమే కాదు, పడవలు నడవడానికి కూడా. లాకులు కట్టింది అందుకే. ధాన్యం, మనుషులు, ఉత్తరాలు అన్నీ ఆ పడవల మీద వెళ్లేవి. తరువాత గట్టు రోడ్డయింది, పడవ పోయింది, బస్సు వచ్చింది. ఒక తరం నీటి మీద కలిసి ప్రయాణిస్తే, ఇంకో తరం గట్టు మీద కలిసి ప్రయాణించింది. ఇప్పుడు మాత్రమే ఎవరి బండి వారిదిగా విడిపోయాం.

కడియం దాటాక రోడ్డు సగం మేర ధాన్యం ఆరబోసి ఉంది. కిలోమీటర్ల తరబడి ఒక పక్క బంగారు రంగు పరుపు, మధ్యలో అక్కడక్కడ రాళ్లు, తాటి మట్టలు గుర్తుగా పెట్టారు. బస్సు మిగిలిన సగంలో మనిషి నడకతో సాగింది. రైతు మీద నాకు కోపం రాలేదు. ఊరికొక కళ్లం, తగినన్ని సిమెంటు గచ్చులు లేనప్పుడు, మబ్బు చూసి భయపడే మనిషి తారు రోడ్డును వాడుకుంటాడు. కానీ ఆ కళ్లాలు కట్టడం వ్యవసాయ సమస్య ఎంతో, బస్సు సమస్య కూడా అంతే. ఈ రెండు శాఖలు ఒకచోట కూర్చుని మాట్లాడుకోవడం అరుదు.

అయితే పల్లెల మధ్య పోయిన సమయం కంటే, ద్వారపూడి, అనపర్తి సెంటర్లలో పోయిన సమయమే ఎక్కువ. పక్క సీటులో ఉన్న ఒక రైతు, కాలువ చివరన పొలమున్న శివారు ఆయకట్టువాడు, ఈ విషయం తన పొలం భాషలో చెప్పాడు. దాళ్వాకు, అంటే రెండో పంటకు, నీళ్లు తక్కువైన ఏడాది కాలువకు వంతులు పెడతారు. ఎగువ రైతు తూము మూసుకుంటేనే శివారు చేలకు నీరందుతుంది. కాలువ కాపలా చూసే లస్కరు గట్టు మీద తిరుగుతుంటేనే వంతు నిలుస్తుంది. "రోడ్డుకు కూడా వంతు పెట్టాలండి, లస్కరు లేకపోతే మాత్రం ఎవరూ ఆగరండి" అన్నాడు. ఆ మాట తరువాత రోజుల్లో నేను ఎక్కడికి వెళ్లినా నాతోనే వచ్చింది. గీత గీయడం ఒక పని, ఆ గీతను కాపాడే మనిషిని నిలబెట్టడం ఇంకో పని. రెండోది లేకపోతే మొదటిది వృథా.

కాకినాడ ఈ ప్రాంతంలో మిగిలిన ఊళ్లలా ఉండదు. వీధులు నిటారుగా, ఒకదానికొకటి సమాంతరంగా ఉంటాయి. 2016 జనవరిలో ప్రకటించిన స్మార్ట్ సిటీల మొదటి జాబితాలోని 20 నగరాల్లో ఇది ఒకటి. భానుగుడి నుంచి సర్పవరం వైపు రోడ్డు వెడల్పుగా, మధ్యలో డివైడరుతో ఉంది. డెల్టా మొత్తంలో బస్సుకు విడిగా ఒక వరుస ఇచ్చి చూడగల రోడ్డు ఏదైనా ఉంటే, అది ఇలాంటిదే. రోజంతా అక్కర్లేదు, ఉదయం ఎనిమిది నుంచి పదిన్నర దాకా, సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా ఎడమ వరుసను బస్సులకు, అంబులెన్సులకు వదిలితే చాలు. మిగిలిన వేళల్లో అందరూ వాడుకోవచ్చు. లండన్‌లో 1968లో బస్సు వరుసలు మొదలైనప్పటి నుంచి ప్రపంచమంతటా ఇలా వేళలు పెట్టి వాడడం మామూలే.

దీపాలున్న కూడలిలో రెండు పనులు చేయవచ్చు. మొదటిది, బస్సు దగ్గరకు వస్తున్నట్టు పరికరం గుర్తిస్తే పచ్చ దీపాన్ని కొద్ది సెకన్లు పొడిగించడం, లేదా ఎర్ర దీపాన్ని కొద్ది సెకన్లు ముందుగా ముగించడం. బస్సులకు జీపీఎస్ అమర్చితే ఇది కష్టమైన సాంకేతికత కాదు. రెండోది ఇంకా సులువు: బస్సు స్టాపును కూడలికి ముందు కాక, దాటిన తరువాత పెట్టడం. ముందు పెడితే బస్సు జనాన్ని ఎక్కించుకునేలోపు పచ్చ దీపం పోతుంది, మళ్లీ ఎర్ర దీపం దగ్గర రెండోసారి ఆగాలి. దాటాక పెడితే ఒక్కసారి ఆగితే సరిపోతుంది. షెల్టరును యాభై మీటర్లు జరపడానికి అయ్యే ఖర్చు ఎంత?

జగన్నాథపురం వంతెన దగ్గర మాత్రం ఈ పద్ధతులేవీ నేరుగా సరిపోవు. ఉప్పుటేరు దాటడానికి ఊరంతా ఆ మెడలోకే దూరాలి. అలాంటి చోట వంతెన మీద వరుస విడదీయడం కుదరదు. వంతెనకు ముందు ఒక వంద మీటర్లు మాత్రం ఎడమ పక్కను బస్సుకు ఖాళీగా ఉంచి, ముందుగా దాన్ని వంతెన ఎక్కనిస్తే, తరువాత అందరూ ఒకే వేగంతో వెళతారు. బస్సు వరుసలో ముందుకు వచ్చినంత మాత్రాన వెనుకవారికి జరిగే నష్టం కొద్ది సెకన్లే.

ఈ సందర్భంలో మన దేశపు అనుభవాన్ని నిజాయితీగా చెప్పుకోవాలి. అహ్మదాబాద్‌లో 2009 అక్టోబరులో మొదలైన జనమార్గ్ అనే ప్రత్యేక బస్సు దారి నిలబడింది. ఢిల్లీలో అంబేద్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ దాకా 2008లో వేసిన 5.8 కిలోమీటర్ల బస్సు దారిని 2016లో తవ్వేశారు. అక్కడ కూడళ్లలో దీపాల కోసం చాలాసేపు నిలిచిపోవలసి వచ్చింది, కారు వరుసలు పెరిగాయి, బస్సు దారిలోకి ఇతర బండ్లు దూరాయి, ఆపేవారు చాలినంతమంది లేరు. మన విజయవాడలో బీఆర్‌టీఎస్ (బస్సులకు విడి దారి ఉండే పద్ధతి) రోడ్డు అన్న పేరు మిగిలింది గాని, బస్సుల దారిగా అది నిలదొక్కుకోలేదు. నా దృష్టిలో వీటి నుంచి నేర్చుకోవలసినది ఒకటుంది. ఇప్పటికే బస్సులు ఎక్కువగా తిరుగుతున్న చోట, జనం ఇప్పటికే వేచి ఉన్న చోట దారి ఇవ్వాలి. ఖాళీగా దొరికిన చోట వరుస గీసి, బస్సులు రావాలని ఎదురుచూడకూడదు. అప్పుడు ఖాళీ వరుసను చూసి కారువారికి కోపం రావడమూ ఉండదు.

గురువారం, యానాం మీదుగా అమలాపురం

యానాం దగ్గర గోదావరి పాయ గౌతమి దాటడానికి ఇప్పుడు కొన్ని నిమిషాలే. 2002లో ఎదుర్లంక వంతెన తెరిచేదాకా ఇది రేవు. లోక్‌సభ స్పీకరుగా ఉంటూ అదే ఏడాది మార్చిలో హెలికాప్టరు ప్రమాదంలో మరణించిన జి.ఎం.సి. బాలయోగి పేరు దానికి పెట్టారు. వంతెన వచ్చాక కాకినాడ నుంచి కోనసీమకు బస్సులు నేరుగా నడుస్తున్నాయి.

అమలాపురంలో రోజంతా ఉన్నాను. ఉండవలసిన ఊరే. 2022 ఏప్రిల్ నుంచి జిల్లా కేంద్రం, అయినా రైలు లేదు. కోటిపల్లి నుంచి నరసాపురం రైలు మార్గానికి గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయల మీద మూడు వంతెనలు కావాలి. పాతికేళ్లుగా ఆ మాట వింటూనే ఉన్నాం. కాబట్టి కలెక్టరేట్‌కు రావాలన్నా, కోర్టుకు రావాలన్నా, ఆస్పత్రికి రావాలన్నా, సొంత బండి లేనివారికి బస్సు, సర్వీస్ ఆటో తప్ప ఇంకోటి లేదు. బస్సు ఆలస్యమైతే ఇక్కడ రెండో దారి ఉండదు.

సాయంత్రం నాలుగున్నరకు కాలేజీలు వదిలారు. బస్టాండు గేటు దగ్గర నిలబడి చూశాను. బయటికి రావడానికి ఒక బస్సు ముక్కు రోడ్డు మీదికి పెట్టి ఆగింది. దాని ముందు నుంచి మోటారు సైకిళ్లు ఎడతెరిపి లేకుండా పోతున్నాయి. ఒక్క అడుగు కదిలితే ఎవరో అరుస్తారు. వెనుక ఇంకో రెండు బస్సులు, వాటి వెనుక లోపలికి రావలసిన బస్సు రోడ్డు మీద. పది నిమిషాల్లో బస్టాండు లోపల బస్సులు కదలలేదు, బయట రోడ్డూ కదలలేదు. రాజోలు వైపు వెళ్లే డ్రైవరు గారు కిటికీలోంచి నాతో అన్నారు: "ఈ గేటు, గడియార స్తంభం, ఆ తర్వాత ఎర్రవంతెన, ఈ మూడు దాటితే చాలండి. మిగతా దారంతా బండి పరిగెడుతుంది. ఈ మూడింటి దగ్గరే నా ట్రిప్పంతా పోతుందండి." ఆయన మాటలో ఫిర్యాదు లేదు, రోజూ చూసే మనిషి చెప్పిన లెక్క అది. నేను చూసిన ప్రతి ఊళ్లోనూ అదే నిజం. బస్సు ప్రయాణమంతా నెమ్మది కాదు; నాలుగైదు చోట్ల పూర్తిగా ఆగిపోతుంది. బస్సుకు దారి ఇవ్వడమంటే ఊరంతా పగలగొట్టడమని అనుకుంటాం గాని, నిజానికి అది ఒక గేటు, ఒక సెంటరు, ఒక వంతెన.

బస్టాండు గేటు దగ్గర ఉదయం రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు ఒక ట్రాఫిక్ కానిస్టేబులో హోంగార్డో నిలబడి బస్సు వచ్చినప్పుడు చెయ్యి ఎత్తితే చాలు. జర్మనీలో స్టాపు నుంచి బయలుదేరే బస్సుకు వెనుక వాహనాలు దారి ఇవ్వాలని చట్టంలోనే ఉంది. ఆస్ట్రేలియాలో బస్సు వెనుకే ఆ మాట రాసి ఉంటుంది. మన దగ్గర అంబులెన్సుకు దారి ఇవ్వనివారికి మోటారు వాహనాల చట్టం 194ఈ సెక్షను కింద పది వేల రూపాయల జరిమానా ఉంది. బస్సుకు అంత తీవ్రమైన నిబంధన నేను కోరను. కాని దారి ఇవ్వడం దయతో చేసే పనిగా కాక, నియమంగా ఉండాలి.

ఆటోల గురించి చెప్పకుండా ఈ విషయం ముగించకూడదు. సెంటరులో ఒక ఆటో స్టాండు దగ్గర టీ తాగుతూ మాట్లాడాను. ఉచిత ప్రయాణం వచ్చాక ఆటోలకు గిరాకీ తగ్గిందని వారి బాధ. అప్పు తీర్చాలి, పిల్లల ఫీజులు కట్టాలి. బస్సుకు దారి అనగానే తమను తరిమేస్తారని వారికి భయం. ఆ భయం అర్థం చేసుకోదగినది. లంక గ్రామాలకు, కాలువ అవతలి పేటలకు బస్సు వెళ్లని చోటికి వారే వెళతారు, రాత్రి పది తరువాత ఆస్పత్రికి తీసుకువెళ్లేదీ వారే. వారిదీ ప్రజా రవాణాయే. బస్సు స్టాపులో నిలబడకుండా, దాని తరువాత ముప్పై నలభై అడుగుల దూరంలో నీడ, గీత, బోర్డు ఉన్న చోటు ఇస్తే, దిగినవారు నడిచి వచ్చి ఆటో ఎక్కుతారు. "చోటు చూపించండి, మేం ఎందుకు అడ్డం పెడతామండి" అని ఒకాయన అన్నారు. ఆ చోటు చూపించకుండా జరిమానాలు రాయడం అన్యాయం.

కొట్ల యజమానుల అభ్యంతరం వేరు. కొట్టు ముందు బండి ఆపుకోనివ్వకపోతే బేరం పోతుందంటారు. కాని ఒక కారు గంటసేపు ఆగే చోటులో బస్సు దిగిన ఎంతమంది కొట్టు గుమ్మం ముందు నుంచి నడుస్తారో వారే ఒక పూట లెక్క చూసుకోవచ్చు. చాలా కొట్ల ముందు రోజంతా నిలిచి ఉన్నవి కొనేవారి బండ్లు కావు, ఆ కొట్ల యజమానులవి, పనివారివి.

శుక్రవారం, సఖినేటిపల్లి రేవు, నరసాపురం

వైనతేయ దాటి రాజోలు, అక్కడి నుంచి సఖినేటిపల్లి. కొబ్బరి తోటల మధ్య ఈ రోడ్డు మీద చెప్పుకోవలసినంత రద్దీ లేదు.

రేవులో పంటు కోసం, అంటే మనుషులను, బండ్లను ఏరు దాటించే పడవ కోసం, నిలబడ్డాను. దిండి, చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్లవచ్చు గాని, నరసాపురం వెళ్లేవారు చాలామంది వశిష్ఠను ఇక్కడే దాటుతారు. బస్సులు రెండు ఒడ్డుల దగ్గర ఆగిపోతాయి. మనుషులు పంటు ఎక్కి అవతల మాధవాయిపాలెం రేవులో దిగి మళ్లీ బస్సో, ఆటోనో వెతుక్కుంటారు. పంటు ఒడ్డుకు తగలగానే ఇనుప పలక బురద మీదికి దించారు. మొదట నడిచేవారు దిగారు, తరువాత మోటారు సైకిళ్లు, ఆ తరువాత కార్లు. ఎక్కేటప్పుడు బరువు చూసి కార్లను మధ్యలో పెట్టి, చుట్టూ మోటారు సైకిళ్లను, అంచున మనుషులను నిలబెట్టారు. పంటు నడిపేవారు చెప్పినట్టే అందరూ విన్నారు. కారులో వచ్చిన ఒకాయన ముందు దూరబోతే, "మీరు ఆగండి బాబూ, జనం దిగాలి" అని చెయ్యి అడ్డం పెట్టారు. ఆయన ఆగారు. చోటు తక్కువని అందరికీ కంటికి కనబడుతున్నప్పుడు ఎవరూ వాదించరు.

ఈ రేవు దగ్గర నాకు నిజంగా బాధ కలిగించింది వేరే విషయం. పంటు దిగిన జనం కోసం బస్సు వేచి ఉండదు, బస్సు దిగినవారి కోసం పంటు ఆగదు. ఒక ముసలి జంట, అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి దర్శనం చేసుకుని వస్తున్నవారు, అవతల గట్టు ఎక్కేసరికి కళ్ల ముందే బస్సు వెళ్లిపోయింది. తరువాతి బస్సు దాకా ఎండలో కూర్చున్నారు. మాఘమాసంలో అంతర్వేది కల్యాణానికి ప్రత్యేక బస్సులు, పోలీసులు, వాలంటీర్లు అన్నీ ఏర్పాటు చేయగలిగిన యంత్రాంగానికి, మామూలు శుక్రవారం నాడు రెండు వేళలను కలపడం పెద్ద పని కాదు. దారి ఇవ్వడం ఎంత ముఖ్యమో, దిగినచోట తరువాతి బండి దొరకడం అంతే ముఖ్యం.

శనివారం, పాలకొల్లు, భీమవరం

పాలకొల్లులో క్షీరారామం ముందు పంచారామ యాత్ర బస్సులు వరుసగా నిలిచి ఉన్నాయి. కార్తీకంలో అమరావతి, భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట ఒకే రోజులో చూపించే ఆర్టీసీ బస్సులవి. సకాలంలో చేరకపోతే చివరి గుడి మూసేస్తారేమోనని ప్రతి ఊరి సెంటరులోనూ ఆ డ్రైవర్లు పడే ఆత్రం నేను చూశాను.

భీమవరంలో సమస్య అన్ని ఊళ్లకంటే తీవ్రంగా ఉంది. రొయ్యలు, చేపలు ఈ ఊరికి డబ్బు తెచ్చాయి. డబ్బుతో కార్లు వచ్చాయి. రోడ్లు మాత్రం యనమదుర్రు డ్రైను మీద అవే వంతెనలు, అవే సెంటర్లు. ప్రకాశం చౌక్ దగ్గర ఐసు నీళ్లు కారుతున్న రొయ్యల వ్యాను, దాని వెనుక ఇంజనీరింగ్ కాలేజీ బస్సు, దాని వెనుక నేనున్న పల్లెవెలుగు, అన్నీ కలిసి పావుగంట నిలబడ్డాయి. ఐసు కరిగేలోపు సరుకు వెళ్లాలన్న వ్యాను తొందర కూడా న్యాయమైనదే. అందుకే సరుకు బండ్లకు తెల్లవారుజామున, రాత్రి పూట వేళలు నిర్ణయించి, ఉదయం రద్దీలో ఊరి మధ్య నుంచి పంపకుండా ఉంటే ఇద్దరికీ మేలు.

ఈ ఊళ్లలో అడ్డంకి డబ్బు కాదని నాకు చివరికి తేలింది. స్టాపు స్థలం మున్సిపాలిటీది, రోడ్డు ఆర్ అండ్ బీదో జాతీయ రహదారులదో, నిలిపిన బండిని తీయించేది పోలీసులు, బస్సు ఆర్టీసీది. నలుగురిలో ఎవరిని అడిగినా మిగిలిన ముగ్గురి వైపు చూపిస్తారు. మోటారు వాహనాల చట్టం 115వ సెక్షను కొన్ని రోడ్లలో కొన్ని వాహనాలను నియంత్రించే అధికారం ఇస్తుంది, 117వ సెక్షను బండ్లు నిలిపే చోట్లను, స్టాపులను నిర్ణయించే అధికారం ఇస్తుంది. చట్టం ఉంది, ఆ నలుగురినీ ఒక బల్ల ముందు కూర్చోబెట్టి ఒకే కాగితం మీద సంతకాలు పెట్టించగలిగేది జిల్లా కలెక్టరు.

సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వడానికి ఈ రాత్రి అర్జీ రాశాను. ప్రకాశం చౌక్‌కు దగ్గరగా ఉన్న బస్సు స్టాపులను కూడలి దాటిన తరువాతికి మార్చాలని, ప్రతి స్టాపులో బస్సు పట్టేంత మేర పసుపు గీత గీసి దాని తరువాత ఆటోలకు చోటు చూపాలని, బస్టాండు గేటు దగ్గర బడి వేళల్లో ఒకరిని నిలబెట్టాలని, డివైడరు ఉన్న ఒక్క రోడ్డు మీద మూడు నెలలు ఎడమ వరుసను ఉదయం, సాయంత్రం బస్సులకు వదిలి చూడాలని కోరాను. ఏ పని ఏ శాఖదో విడివిడిగా రాసి, ఆ నాలుగు చోట్లకూ నకళ్లు పెట్టాను. ప్రయోగానికి ముందు నెలలో, తరువాతి నెలల్లో అదే బస్సు వెళ్లి రావడానికి ఎంత సమయం తీసుకుందో డిపో లాగ్ షీట్లలో ఎలాగూ నమోదవుతుంది కాబట్టి, ఫలితం తేల్చడానికి వేరే ఖర్చు అక్కర్లేదని చివరి పేరాలో చేర్చాను.